పుస్తకంలో ఆ సంతకం నాది

కొండదారి అధికారి గారికి దండాలు.

అయ్యా, మా అమ్మాయి బతికింది! నిన్న కళ్ళు తెరిచి, "గడ్డం గీసుకోలేదేం నాన్నా, బూచాడిలా ఉన్నావు" అంది. ఆసుపత్రిలో కనబడ్డ వాళ్ళందరికీ చేతులెత్తి మొక్కాను. కుడికాలు మోకాలి కింద తీసేశారు. పోతే పోయింది, పిల్ల దక్కింది, నాకదే చాలు.

మీ గేటు కాపలాదారును పనిలోంచి తీసేస్తున్నారని విన్నాను. మా అమ్మాయి కొండ దిగినట్టు పుస్తకంలో దొంగ సంతకం పెట్టాడని అంటున్నారట. ఆ సంతకం నాదయ్యా. ఆ సాయంత్రం, కొండెక్కిన అమ్మాయిని తీసుకెళ్దామని గేటు దగ్గరికి వచ్చాను. ఎక్కినవాళ్ళందరూ దిగినట్టు సంతకాలుంటే గానీ గేటుకు తాళం వేయకూడదట. అతను వానలో నిలబడి ఉంటే చూడలేక, "అది అవతలి దారిన దిగి బస్సెక్కి ఉంటుంది, దాని సంతకం నేను పెడతాలే" అన్నాను. "తండ్రివి, నీకు తెలీదా పెద్దాయనా" అని పుస్తకం ఇచ్చాడు.

ఇంటికెళితే అది లేదు. పరుగున మీ దగ్గరికొచ్చాను. మీవాళ్ళు పుస్తకం చూసి, దిగిపోయిందని కొండ వదిలేసి ఊరంతా వెతికారు. అప్పుడే చెప్పాల్సింది. భయపడి దాచాను. నా మొహం చూసి అతనూ ఊరుకున్నాడు. రెండు రోజులు అది లోయలో పడి ఉంది. మేకలు కాసే ఒకావిడ దాని కేక విన్నది కాబట్టి సరిపోయింది.

అతన్ని పనిలో ఉంచండి బాబూ. తప్పు నాది.

"రెండు రోజులూ ఎవరూ రాలేదేం నాన్నా?" అని ఈ పొద్దున అమ్మాయి అడిగింది. మందు తెస్తానని లేచి వచ్చేశాను. ఈ కాగితం ముందు దానికి చదివి వినిపించి, ఆ తర్వాతే మీకు పంపుతాను.

ఇట్లు,
ఆ పిల్ల తండ్రి