వరి పండని నేల

సరవాక్, ఫిబ్రవరి 4

ప్రియమైన నాయనకు,

నేను క్షేమంగా చేరి పన్నెండు రోజులైంది. అడవిలో ఉన్న మా కేంద్రానికి ఫోన్ సిగ్నల్ అందదు. సరుకుల పడవ పట్నానికి వెళ్ళినప్పుడే నీ ఉత్తరాల ఫొటోలు చూడగలను, నావి పంపగలను. ఫోన్ ఎత్తలేదని అమ్మా నువ్వూ కంగారు పడవద్దు.

సల్వాలో మీరంతా మామా అని పిలిచే అరబ్బు యజమానురాలి ఇంట్లో, అద్దాల గదిలో నువ్వు చూసుకునే కూజా మొక్కలు ఈ బోర్నియో నుంచే వచ్చాయని, చనిపోయిన ఆమె భర్త, పెద్దాయన, ముచ్చటపడి తెప్పించుకున్నాడని చెప్పేవాడివి కదా. వాటిని సొంత చోట చూశాను. ఇక్కడ దాదాపు రోజూ వాన. అయినా నేల తెల్లటి ఇసుక, దోసిట్లోకి తీసుకుంటే ఉప్పులా జారిపోతుంది. పడిన వాన ఉన్న కాస్త సారాన్నీ కిందికి లాక్కుపోతుంది. చెట్లు పందిరి గుంజల్లా సన్నగా ఉంటాయి. ఆకులు చిన్నవి, తోలులా మందం. ఒక్క ఆకు తయారుచేసుకోవడమే గగనం కాబట్టి పురుగు ముట్టకుండా వాటిని చేదు చేసుకుంటాయి. రాలిన ఆకు ఓ పట్టాన కుళ్ళదు. దాని రసం దిగి వాగు నీళ్ళు టీ డికాక్షన్‌లా ఉంటాయి. ఈ అడవిని ఇక్కడివాళ్ళు వరి పండని నేల అంటారు.

ఈ మొక్కలన్నీ ఆకలితో ఉంటాయి నాయనా. అందుకే కూజా మొక్క ఆకు కొసన కూజా కట్టి, అందులో పడిన చీమల్ని తింటుంది. ఒక రకం కూజాలో పగలంతా గబ్బిలం నిద్రపోతుంది, అది వేసే రెట్టే ఆ మొక్కకు తిండి. ఇంకో మొక్క తన దుంపలోనే చీమలకు గదులిచ్చి, అవి పారేసిన చెత్తతో బతుకుతుంది. చూస్తే జాలేస్తుంది.

నీ గదిలో ఉండే రహీమ్ చిన్నాయనకు నా సలాం చెప్పు.

నీ కూతురు,
వెంకటేశ్వరి


సల్వా, మార్చి 1

ప్రియమైన పాపకు,

మీ నాయన దీవెనలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రహీమ్‌కు కూడా వినిపించాను. గబ్బిలం రెట్ట లెక్క చూడటానికా ఇంత చదువు చదివింది అని నవ్వాడు. వాళ్ళది రాయచోటి కదా, ఎగతాళి లేకుండా నోరు తెరవడు.

ఇక్కడి సంగతి. ఆ పద్నాలుగు మొక్కల్నీ తుడవడం, కత్తిరించడం నా పని. ఫిల్టర్ నీళ్ళు కారులో తెచ్చి పోయడం డ్రైవర్‌గా రహీమ్ పని. వాటికి ఇసుకా పీచూ తప్ప మరేదీ పెట్టకూడదని పెద్దాయన కట్టడి. ఏడేళ్ళు నేను దాటలేదు. కానీ కోడూరులో మన బొప్పాయి తోటలో ఎరువు కోసం గొర్రెల మంద కట్టించకుండా ఒక్క ఏడైనా దుక్కి దున్నామా? ఆకలిగా ఉన్నదాని ముందు చేతులు కట్టుకుని నిలబడటం నా వల్ల అయ్యే పని కాదు.

పోయిన నెలలో మొక్కలు బాగా తేరుకున్నాయి. కొత్త ఆకులు అరచేయంత వెడల్పుగా, నల్లటి పచ్చగా వచ్చాయి. కూజాలు మాత్రం కొత్తవి పుట్టలేదు. మామా చూసి, గంగాధర చేతిలో బరకత్ ఉందని మెచ్చుకుంది. పెద్దాయన పోయాక ఆమె ఆ గదిలో నవ్వడం ఇదే మొదటిసారి.

వేళకు తిను.

మీ నాయన,
గంగాధర


సల్వా, మార్చి 28

ప్రియమైన పాపకు,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. మొక్కలు పోయాయి. ముందు ఆకుల అంచులు మాడాయి, తర్వాత మొదళ్ళు నల్లబడ్డాయి. పద్నాలుగింటిలో మూడు మిగిలాయి. మామా ఆ గదిలో గంటసేపు కూర్చుంది.

రహీమ్ ఫిల్టర్ నీళ్ళకు బదులు కొళాయి నీళ్ళు పోశాడని ఆమె నమ్మకం. నిరుడు ఎండాకాలంలో ఒకసారి అలా చేసి దొరికాడు. ఈసారి చేయలేదని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడు. ఆరు రోజుల కిందట మామా తేల్చి చెప్పేసింది, ఇక్కడ ఉండే అనుమతి, ఇఖామా, రద్దు చేయించి ఇంటికి పంపేస్తానని. ఏప్రిల్ పదకొండు రాత్రికి టికెట్ తీశారు.

నువ్వు వీటి మీదే చదువుతున్నావని మామాకు తెలుసు. మొక్కలు ఎందుకు చచ్చాయో నిన్ను కాగితం మీద రాసి పంపమంది. నీళ్ళ వల్లేనని రాయి. అతను ఎటూ పోతున్నాడు. నీ చదువు అయ్యేదాకా నేను ఇక్కడ ఉండాలి. దీని గురించి ఎక్కువ ఆలోచించకు.

మీ నాయన,
గంగాధర


సరవాక్, ఏప్రిల్ 6

ప్రియమైన నాయనకు,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి చూశాను. పడవ తిరిగి బయలుదేరేలోపు ఇది రాయాలి.

మా కేంద్రం వంటింటి వెనక గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోస్తారు. అక్కడి కూజా మొక్కలకు ఈ అడవిలో ఎక్కడా లేనంత పెద్ద ఆకులు. కూజా ఒక్కటీ ఉండదు. వేరు నుంచి తిండి అందుతుంటే అది ఇక కూజా కట్టదు. కొంచెం అందితే అంతే, ఎక్కువైతే వేరు మాడిపోతుంది. మార్చిలో నువ్వు రాసిన వెడల్పాటి ఆకులు అవే. కొళాయి నీళ్ళు అలాంటి ఆకులు తెప్పించవు. ఎవరో ఎరువు పెట్టారు. ఆ ఇంట్లో ఆ అలవాటు ఉన్న మనిషి ఒక్కడే.

తప్పు మొదలుపెట్టింది నేను. ఆకలి అనే మాట రాసింది నేనే. నిజానికి అది ఆకలి కాదు. తక్కువతో బతకడానికే ఆ వేళ్ళు తయారయ్యాయి. ఆ ముక్క రాయకుండా జాలి గురించి రాశాను.

మామాకు ఇంగ్లీషులో ఒక కాగితం రాసి దీనితో పంపుతున్నాను. అందులో ఎరువు అనే ఉంది. ఈ మొక్కల గురించి తెలిసినదానిగా నేను సంతకం పెట్టే మొదటి కాగితం ఇదే. అబద్ధం మీద పెట్టలేను. దాన్ని మామాకు ఇస్తావో, చించేస్తావో నీ ఇష్టం. నిన్ను తప్పుపట్టాలంటే నాకు ఏడుపొస్తోంది. అయినా రహీమ్ చిన్నాయన వెళ్ళకూడదు.

నీ కూతురు,
వెంకటేశ్వరి


సల్వా, ఏప్రిల్ 14

ప్రియమైన పాపకు,

నీ కాగితం మామాకు ఇవ్వలేదు. నా తప్పు నా కూతురి చేత చెప్పించడం బాగుండదనిపించింది. అయినా నోరు తెరవడానికి అయిదు రోజులు పట్టింది. పదకొండో తేదీ పొద్దున, రహీమ్ పెట్టె సర్దుకుంటుంటే, వెళ్ళి చెప్పాను. ఆమె కేకలు వేయలేదు. ఎంత ఎరువు పెట్టావని అడిగింది. గుప్పెడు చొప్పున అన్నాను. కాసేపు నా చేతుల వంక చూసి, రహీమ్‌ను పిలిపించి ఉండిపొమ్మంది. టికెట్ రద్దు చేయిస్తానంది.

రహీమ్ ఒప్పుకోలేదు. పోతానన్నాడు. ఎంత చెప్పినా అదే మాట.

నీకు ఒక సంగతి రాయలేదు. ఫిబ్రవరిలో ఊరవతల కబ్ద్‌లోని గొర్రెల దొడ్ల నుంచి ఆ ఎరువు బస్తా తెచ్చింది రహీమ్ కారులోనే. ముంగిట్లో ఖర్జూరం చెట్లకని అతనికి చెప్పాను. నమ్మాడనే అనుకున్నాను. గదిలోకి వచ్చాక, ఆ ఎరువు కూజా మొక్కలకే పెట్టానని నీకు తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. మరి మామాకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

“బస్తా దించింది నేనే కదా గంగన్నా. నువ్వే చెప్తావని చూస్తాంటి. ఇరవై దినాలు చూస్తి” అన్నాడు.

కోపంగా అనలేదు. పెట్టె తాళం వేస్తూ అన్నాడు. పదకొండేళ్ళుగా ఒకే గదిలో రెండు మంచాల మీద పడుకున్న మనుషులం. చాలా సిగ్గుగా ఉంది పాపా, ఇప్పటికీ.

మామా నన్ను తీసేయలేదు. కొత్తవాడొస్తే మిగిలిన మూడూ పోతాయంది. నా ఇఖామాకు ఢోకా లేదు, నీ చదువు గురించి దిగులు పెట్టుకోకు.

విమానాశ్రయానికి టాక్సీలో నేనూ వెళ్ళాను. ఊరు చేరగానే ఫోన్ చేయమన్నాను. సరేనన్నాడు. మూడు రోజులైంది. చూస్తున్నాను.

మీ నాయన,
గంగాధర