తాళంచెవికి తగిలించిన బిరడా

రమణన్నా,

మీరు పోయి ఇవాల్టికి ఏడాది. నేల మీదా నీళ్ల మీదా నడిచే మన ఆరు చక్రాల బండ్లకు ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టించాలని ఈరోజు హైటెక్ సిటీకి వెళ్లాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి, "మీ కంపెనీ ఎప్పుడు మొదలైందండీ?" అని అడిగింది.

నాకు మొదటి బండి గుర్తొచ్చింది. కడిగిన నీళ్లు పోయేందుకు అడుగున ఉన్న కన్నానికి బిరడా పెట్టడం నేనే మరిచిపోయాను. కొత్తగూడ జనమంతా చూస్తుండగా బండి చెరువులో మునిగింది. మీ దగ్గర నా నౌకరీ కూడా దాంతోపాటే మునిగిందనుకున్నాను. మీరేమో నడుంలోతు నీళ్లలో నిలబడి నవ్వారు.

"మా అనంతపురంలో మునిగేదానికి నీళ్లేడుండాయి యాదగిరీ? నీ పుణ్యాన అదీ చూసినా!"

మర్నాడు ఆ బిరడాను తాళంచెవికి తగిలించి నా చేతిలో పెట్టారు.

"ఇంక బండి నువ్వే తోలాల. ఒకసారి మునిగినోడు మళ్లా మరిచిపోడు."

ఆ తర్వాత మన షెడ్డు దాటిన ప్రతి తాళంచెవికీ గుర్తు చేయడానికి ఒక బిరడా వేలాడింది. ఒక్క బండీ మునగలేదు.

"బండి మునిగిన దినమే షురూ అయిందమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. "అలా రాస్తే ఎవరైనా కొంటారా అండీ?"

"గట్లనే రాయమ్మా. మా రమణన్న నా చేతికి తాళంచెవి ఇచ్చింది అందుకే."

బిరడా మరిచిపోని
మీ యాదగిరి