అన్నయ్య నింపిన పంతొమ్మిది సంచులు

అన్నయ్యకి చెల్లెలు నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అలవాటుగా రాశానే గానీ, ఇక్కడి క్షేమం ఎన్నాళ్లో నాకన్నా నీకే బాగా తెలుసు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని విసుక్కుంటావు. ఫోన్‌లో అయితే మధ్యలో దూరి, ఏదో ఒకటి చెప్పి నవ్వించి నా నోరు మూయిస్తావు. కాగితంతో నీకా వీలు లేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ కన్ను బాగుంది. ఆపరేషనయిన కంటితో ఇప్పుడు ఎదురింటి గోడ మీది పగుళ్లు లెక్కపెడుతోంది, వెళ్లి వాళ్లకి చెప్పి మరీ వస్తోంది. వదిన అడిగిన స్వెటర్ అల్లిక వేరే కవర్లో పంపిస్తాను. గని కట్ట అడుగు పైపులోంచి నీళ్లు వస్తున్నాయా అని అడిగావు. రావడం లేదు. కిందటి ఉత్తరంలోనూ అదే అడిగావు, అంతకు ముందు దాంట్లోనూ అదే. పాత పని మీద మమకారం కాబోలనుకున్నాను.

చివర్లో, "వానలు మొదలయ్యేలోగా అమ్మని తీసుకుని వచ్చెయ్యవే, నీకు ఇక్కడే ఉద్యోగం చూస్తాను" అని రాశావు. చదివి వినిపిస్తే అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. వీధి చివరిదాకా వెళ్లి, మా అబ్బాయి రమ్మన్నాడని అందరికీ చెప్పుకొచ్చింది.

గనిలోంచి వచ్చే బురదని ఆపే కట్ట అది. ఆ బురదలోని నీరు కట్ట అడుగున పరిచిన రాళ్ల పొరలోకి దిగి, పైపు గుండా బయటికి పోవాలి. పోకపోతే కట్ట లోపల్నుంచి నానిపోయి ఒకరోజు జారిపోతుంది. ఇది నాకు నేర్పింది నువ్వే. పైపు ఎండిపోయి ఉంది. కట్టలో దింపిన గొట్టాల్లో నీటిమట్టం మాత్రం వారం వారం పైకొస్తోంది. అందుకే సోమవారం దగ్గరుండి కట్ట అంచున మూడుచోట్ల పొరని తవ్వించాను. రాయి చేత్తో నలిపితే పొడయింది. కడిగి జల్లెడ పడితే నూటికి పధ్నాలుగు పాళ్లు మెత్తటి పొడి. ఐదు దాటితే పొర పూడుకుపోయి నీరు దిగదు. ల్యాబులో నా రిజిస్టర్లో ఆ మూడుచోట్లా మూడు పాళ్లే అని ఉంది, కింద నా సంతకం.

అవన్నీ అమ్మ ఆపరేషన్ రోజుల నాటి పరీక్షలు. అప్పుడు పొర పరిచే పనికి నువ్వే సూపర్‌వైజరువి. "నువ్వు ఆసుపత్రిలో అమ్మ దగ్గరే ఉండు. నమూనా సంచులు నేను నింపి ల్యాబుకి పంపిస్తాలే. అన్నని కూడా నమ్మవా?" అన్నావు. నమ్మాను. పంతొమ్మిది సంచులు, ప్రతిదానికీ నీ గుండ్రటి అక్షరాలతో చీటీ. మెత్తరాయి రోలరు కింద నలిగిపోతుంది కాబట్టి నమూనా ఎప్పుడూ రోలరు తిరిగిన పొరలోంచే తియ్యాలని ల్యాబులో చేరిన మొదటిరోజే నాకు చెప్పినవాడివి నువ్వు.

రోలరు డ్రైవరుని నిలదీశాను. "మంచి రాయి అయిపోయిందమ్మా. గడువేమో దగ్గరకొచ్చేసింది. అన్నగారు మీ సంచుల కోసం మంచిది ఒక కుప్ప విడిగా దాచారు. మీకు తెలిసే జరుగుతోందనుకున్నాను" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

మమ్మల్ని ఎందుకు రమ్మన్నావో అప్పుడు అర్థమైంది. ఈ కట్ట కింద మన ఇల్లు కాక రెండు వందల ఇళ్లున్నాయి. మాకు కబురు పెట్టావు సరే, వాళ్లనెవరు రమ్మంటారు? నీ పిలుపుకి మేమెంత మురిసిపోయామో తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది. నమ్మించి గొంతు కోశావన్నయ్యా. పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

ఇంతవరకూ నా సంగతి దాచాను. ల్యాబు పరీక్ష ఫారంలో 'నమూనా నేనే స్వయంగా తీశాను' అని ఒక వాక్యం ఉంటుంది. దాని కింద పంతొమ్మిదిసార్లు సంతకం పెట్టాను. అంతకన్నా సిగ్గుచేటు ఇంకొకటుంది. తవ్వించాక రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నోరు మూసుకుని అమ్మతో సహా నీ దగ్గరికి వచ్చేద్దామని పెట్టె సర్దుకుంటూ కూర్చున్నాను. పక్కింటావిడ చంటిదాన్ని ఎత్తుకుని వచ్చి, "తాళం మాకిచ్చి వెళ్లండి, వానకి మీ ఇల్లు కారితే మేం చూసుకుంటాం" అంది. ఆ తరువాత ఒక్క బట్ట కూడా మడతపెట్టలేకపోయాను.

గురువారం చీఫ్ ఇంజనీరుకి అంతా రాసిచ్చాను. నీ పేరూ రాశాను, నా పేరూ రాశాను. నన్ను పనిలోంచి ఆపేశారు. బురద వదలడం ఆపి, ఇళ్లు ఖాళీ చెయ్యమని నోటీసులు అంటించారు. కానీ కిలోమీటరున్నర పొడుగు కట్టలో మెత్తరాయి ఎక్కడెక్కడ పరిచావో నీకు తప్ప ఎవరికీ, ఆ డ్రైవరుకి కూడా, సరిగ్గా తెలియదు. మొత్తం తవ్వుకుంటూ పోతే వానలు ముంచుకొచ్చేస్తాయి. నువ్వొచ్చి చూపించాలి.

నిన్న అమ్మకి చెప్పేశాను. తన మాట ఉన్నదున్నట్టు రాయమని దగ్గర కూర్చుని చెప్పింది.

"వీధంతా ఖాళీ అయినా నేను ఈ ఇంట్లోనే ఉంటాను. వాడొచ్చి ఆ కట్ట మీద నిలబడేదాకా కదలను. అమ్మ కావాలంటే ఇక్కడికే రమ్మను."

ఇట్లు,
నీ చెల్లెలు