తెరకు ఆవలి పక్క

కాగజ్‌నగర్,
మాఘమాసం, 1962.

అవ్వకు, నీ కొడుకు లచ్చయ్య కాళ్ళకు మొక్కి రాసేది. ఇక్కడ నేను, నీ కోడలు కొమురవ్వ, బిడ్డ బాలలక్ష్మి ముగ్గురం బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని విని మనసు కుదుటపడింది. ఈ చలిలో తెల్లవారకముందే గోదావరి స్నానానికి పోకు. చెప్తే వినవని తెలుసు, అయినా రాస్తున్నాను.

మిల్లులో నా పని పక్కా అయింది, ఫికరు పెట్టుకోకు. బిడ్డ ఎడమ చేత్తో తినడం మానిందా, నువ్విచ్చిన గుడ్డతో ఆ చేతిని నడుముకు కడుతున్నామా అని అడిగావు. ఆ సంగతి చివర చెప్తాను. ముందు సినిమా ముచ్చట విను.

నా చిన్నప్పుడు లక్సెట్టిపేటలో నువ్వు చూపించిన సినిమా ఇక్కడి డేరా టాకీసుకు వచ్చింది. అదే, దేవుడు ముసలివాడి వేషంలో వచ్చి, ఆకలితో పడి ఉన్న భక్తురాలికి ముద్దలు కలిపి పెట్టేది. అప్పుడు నువ్వు చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి వచ్చేసరికి ముందర జాగా నిండిపోయేది. తెర వెనుక ఇసుకలో కూర్చునేవాళ్ళం. అటునుంచి చూస్తే కుడి ఎడమై, అందరూ ఎడమ చేత్తోనే తినేవారు. దేవలోకంలో అదే పద్ధతి కాబోలని చాన్నాళ్ళు నమ్మాను.

మొన్న బిడ్డను ముందర బెంచీ మీద కూర్చోబెట్టాను. ముద్దలు పెట్టే పాట మొదలైంది. నేను రోజూ జోకొడుతూ పాడేదే కదా, తెర కంటే ముందే బిడ్డ అందుకుంది. కానీ దేవుడు కుడి చేత్తో పెడుతుంటే నా సినిమా కాదేమో అనిపించింది. ఆ పాట చివర మళ్ళీ వస్తుందని గుర్తొచ్చి, రీలు మార్చేటప్పుడు బిడ్డను తెర వెనక్కి తీసుకుపోయాను.

పాట అదే, గొంతు అదే. దేవుడు మాత్రం ఎడమ చేత్తో ముద్ద పెట్టాడు. భక్తురాలు కళ్ళు మూసుకొని తిన్నది. బిడ్డ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. తెర సంగతి విడమరిచి చెబుదామనుకునేలోగా తనే మెల్లగా అన్నది: "ముందలికెల్లి సూస్తె కుడిచెయ్యి, ఎనుకకెల్లి సూస్తె ఎడమచెయ్యి. దేవుడైతే గదే దేవుడు గద బాపు?"

ఇన్నేళ్ళు తెరకు రెండు పక్కలా చూసిన నాకు తట్టని మాట ఏడేళ్ళ పిల్లకు తట్టింది.

ఇక అసలు సంగతి. ఇంటికి రాగానే బిడ్డ అన్నం ముందు కూర్చొని, కట్టమని తనే చెయ్యి వెనక్కి పెట్టింది. ఏడవలేదు, అలవాటైపోయింది. గుడ్డ పట్టుకొని నిలబడ్డాను. కొమురవ్వ నా మొఖం చూసి, గుడ్డ తీసుకొని దండెం మీద వేసింది. ఆనాటి నుంచి కట్టడం లేదు. నీకు చెప్పకుండా దాచబుద్ధి కాలేదు.

కోపం చేయకు. డేరా ఇంకా పదిరోజులు ఉంటుందట, బయలుదేరి రా. నువ్వూ, బిడ్డా తెర వెనుక కూర్చొని చూడండి. చూశాక కూడా కట్టాల్సిందే అంటే, నువ్వే కట్టు. నాకు చేతులు రావడం లేదు అవ్వా.

ఇట్లు,
నీ కొడుకు
లచ్చయ్య