నెల తప్పిన తేదీ

మే 9, శనివారం
మా అమ్మాయి స్రవంతి మిర్యాలగూడ నుంచి వచ్చింది. తొలి కాన్పు నా దగ్గరే. మొహం పీక్కుపోయి ఉంది. బిడ్డ నెలలకు మించి పెరుగుతోందని అక్కడి ఆసుపత్రిలో అన్నం తగ్గించమన్నారట. షుగర్ పరీక్షలో ఏమీ లేదు. మరి ఎందుకు? దానికీ తెలియదు.

మే 10
ఫైలంతా చదివాను. కాన్పు జూన్ 11 అట. 'ఆఖరి నెలసరి' అన్న చోట సెప్టెంబర్ 4. అదెట్లా అని స్రవంతిని అడిగాను.
"నెల ఎప్పుడు తప్పింది అన్నది నర్సు. రావాల్సిన నాడు రాలే, ఆ తారీఖే చెప్పిన."
అంతే... అడగాల్సింది ఒకటి, అడిగింది ఇంకొకటి. మళ్లీ ఒక్కరూ అడగలేదు. బిడ్డ మించి పెరగలేదు, వాళ్ల లెక్కలో ఒక నెల తగ్గింది. దానికి నా పిల్ల కడుపు మాడ్చారు.

మే 11
పాత క్యాలెండర్లు నేను పారేయను. బీరువా మీది నుంచి దించాను. ఆగస్టు 7, వరలక్ష్మీ వ్రతం ముందు రోజు. నా చేత్తోనే — 'స్ర. దూరం', అంటే దాని నెలసరి. పెళ్లయ్యాక తొలి వ్రతమని ఇక్కడికే వచ్చి, పీట మీద కూర్చోలేకపోయింది. దాని ప్రకారం కాన్పు మే 14.

మే 12
ఇక్కడి డాక్టరమ్మ దగ్గరికి. సంచిలోంచి క్యాలెండర్ తీస్తుంటేనే నవ్వింది.
"ఫైల్ల జూన్ ఉన్నదమ్మా. గోడ క్యాలెండర్ సూసి మందులియ్యాల్నా?"
ఐదో నెల స్కానింగ్‌లోనే బిడ్డ నెల ముందుంది, చూడండి అన్నాను. చూడలేదు. నెలాగి రమ్మంది.
ఇంటికొచ్చాక మా ఆయన: "డాక్టర్ కంటె నీకే ఎక్కువ ఎరుకనా?"
ఎక్కువ తెలియదు. ఒక్క తేదీ తెలుసు.

మే 14
నొప్పులు లేవు.

మే 18
పొద్దున తిన్నాక ఎడమవైపు పడుకోబెట్టి కదలికలు లెక్కపెట్టాను. నిన్న గంటకు పది. ఈరోజు నాలుగు. మళ్లీ పెట్టాను — మూడు.
"పండుకున్నదేమోనే అమ్మా" అంది స్రవంతి. ఈయన వెంటనే పోయి ఆటో తెచ్చాడు.

అదే రోజు, సర్కారు దవాఖాన వరండా
కోదాడ మనిషట, పెద్ద వయసు నర్సు. ఫైలు తెరవకముందే అడిగింది: "ఆఖరిసారి ఎప్పుడు దూరం ఉందమ్మా?"
సంచిలోంచి తీసి క్యాలెండర్ విప్పాను. తేదీ కింద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. నవ్వలేదు. పిల్లను లోపలికి తీసుకుపోయారు, క్యాలెండర్ కూడా.
ఫైలు నా ఒళ్లో మిగిలింది. ఇంకా జూన్ 11 అనే ఉంది. పెన్ను చేతిలోనే ఉంది కానీ కొట్టేయను. రాసినవాళ్ల చేతే కొట్టేయిస్తాను.
కాన్పు గది తలుపు ఇంకా తీయలేదు...