నాయన మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు

నాయనా, నేను హిందూపురం బస్సుకు పోతాండా. సంగటి, పప్పు మూతేసి పెట్టినా. తిన్నాకనే మాత్ర వేసుకో. నోరు ఎండితే మజ్జిగ తాగు. తల తిరిగినట్టుంటే మగ్గం గుంతలోంచి మెల్లగా లెయ్. బాగైపోయినాననుకొని నీకు నువ్వే మాత్ర ఆపొద్దు, డాక్టరమ్మ చెప్పినాకనే.

ఉగాది నుంచి మనసు దిగులుపడి, మమ్మల్ని పేరు పెట్టి కూడా పిలవకుండా గోడ పక్కకు తిరిగి పండుకున్న మనిషివి, నిన్న సాయంత్రం కూర్చుని నెమలి అంచు నేస్తాంటే అమ్మ, నేను గడపలోనే నిలబడిపోతిమి. కందిబేడంత మాత్ర మనిషిని ఇట్లా లేపుతుందా అని నాకింకా అబ్బురంగానే ఉండాది.

దీపిక

ఇంకోమాట. నిన్న నన్ను పేరు పెట్టి పిలిచి నీళ్లడిగితే పలకలేదని కసురుకుంటివే, నాకు వినపడింది నాయనా. ఇంకోసారి పిలుస్తావని ఊరకుంటి.