రెండు మెట్లు దించిన శృతి

శ్రావణ శనివారం, రాత్రి

మనవరాలు రాస్తోంది, మాట మాత్రం నాదే. ఈరోజు బీచుపల్లి అంజన్న గుడిలో భజన నేనే ఎత్తుకున్నాను. గొంతు ఎక్కడా చీలలేదు!

పోయిన శనివారం పై చరణంలో చీలింది. భజన పెద్ద నర్సప్ప అందరి ముందూ, "అవ్వ గొంతు అయిపోయింది, ఇగ ఎనక కూసోనీ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. హార్మోనియం వాయించే ఖాజాను ఇంటికి పిలిపించాను.

"శృతి నర్సప్ప గొంతుకు పెట్టినవ్. నాకు రెండు మెట్లు దించు."

"దించితే నొక్కే మెట్లన్నీ మారుతయి అవ్వా, నా చేతి ఏళ్లు తిరగవు."

"తిరగకుంటే తిప్పు. పాడేది నేనా, నీ ఏళ్లా?"

వారమంతా సాధన చేయించాను. వేళ్లు తడబడిన చోట అదే చరణం మెల్లగా, ఇంకా మెల్లగా వాయించమన్నాను. కుదిరేదాకా చాయ్ పోయలేదు.

ఈరోజు నా పై చరణం గుడి బయటికి వినపడింది. నర్సప్పకే కింది చరణం అందలేదు, నోరు ఊరికే ఆడించాడు. భజన అయ్యాక దగ్గరికొచ్చి, "జర పైకి పెట్టనీ అవ్వా, నా గొంతు దిగుతలేదు" అన్నాడు.

వచ్చే ఏడు నాకింకో మెట్టు దించాలేమో... అది అప్పుడు చూద్దాం. "గొంతు అయిపోలేదు నర్సప్పా, సాధన లేదు. రేపు మా ఇంటికి రా" అన్నాను.

వస్తానన్నాడు.